వంటింటి చాప్టర్లు

"ఖాళీగనే ఉంటవు కదా, ఇంకో ఆరు గలీబులు కుట్టి పెట్టు," అన్నాడు భర్త తబ్రేజ్ చెప్పులు వేసుకుంటూ.

ఆ మాట అన్నప్పుడు అంజుమ్ కుట్టుమిషన్ ముందే కూర్చుని ఉంది. ఒళ్లో పరుపుకు తొడిగే గలీబు గుడ్డ, పెదాల మధ్య రెండు గుండుసూదులు. సూదులు ఉన్నాయి కాబట్టి జవాబు చెప్పలేదు. లేకపోయినా చెప్పేది కాదు. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఆమె ఖాళీగానే ఉంది. పొద్దున్నే నీళ్లు పట్టి, వంట చేసి, దుకాణానికి టిఫిన్ డబ్బా పంపి, దుమ్ముగూడెం అవతలి గూడేల నుంచి నాగక్క ఎండాకాలంలో తెచ్చిపోసే బూరుగు దూదిలో గింజలు ఏరి, ఎండబెట్టి, సంచులకు ఎత్తి, గలీబులు కుట్టి, మధ్యాహ్నానికి మళ్లీ పొయ్యి వెలిగించి, ఖాళీగా ఉంది. భద్రాచలంలో వంతెనకు పోయే దారిలో ఉన్న రెహమాన్ పరుపుల దుకాణంలో అమ్ముడుపోయిన ప్రతి పరుపు మీదా ఆమె కుట్టే. అది గుర్తించినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె. ఇంకొకరు అత్త షహజాది. అత్త పోయి పది నెలలైంది.

అత్త పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. ఆమె ఉన్నన్నాళ్లూ అంజుమ్‌కు ఊపిరాడలేదన్న మాట నిజమే. "చారుల ఉప్పెక్కువైంది", "ఆ దిండు కుట్టు వంకర పోయింది", "కిటికీ కాడ నిలబడుడేంది, పనిలేదా" అని ముందుగదిలో మంచం మీద నుంచి ఏదో ఒకటి వినపడుతూనే ఉండేది. చివరి మూడేళ్లు కళ్లు కనిపించకపోయినా వంకర కుట్లు మాత్రం వేళ్లతో తడిమి కనిపెట్టేది. ఇప్పుడు ఉప్పు ఎక్కువైనా అడిగేవాళ్లు లేరు. తబ్రేజ్ ఏం పెడితే అది తిని ఫోన్ చూసుకుంటాడు. ఇంటర్ చదువుతున్న కూతురు సనోబర్ కాలేజీ నుంచి రాగానే నానమ్మ పడుకున్న మంచం మీదే దుప్పటి కప్పుకుని, అదీ ఫోన్‌తోనే ఉంటుంది. "ఎప్పుడు జూసినా ఆ ఫోనేనా" అని అరుస్తూ, తన గొంతులో అత్త గొంతు వినపడి అంజుమ్ మధ్యలోనే ఆగిపోతుంది. తల్లీ కూతుళ్ల మధ్య ఆ రోజుకు మాటలు అక్కడితో సరి.

గ్రంథాలయంలోకి ఆమె మొదటిసారి అడుగుపెట్టింది వాన వల్ల. ఆగస్టులో ఒకరోజు దుకాణంలో గలీబులు ఇచ్చి తిరిగివస్తుంటే గోదావరి మీద నుంచి మబ్బు కమ్ముకొచ్చి ఒక్కసారిగా కురిసింది. ఎదురుగా కనిపించిన వరండాలోకి ఎక్కింది. లోపల బల్లల దగ్గర ఐదారుగురు మగవాళ్లు పేపర్లు చదువుతున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. లైబ్రేరియన్ మురళీకృష్ణ తలెత్తి, "కూర్చోండమ్మా, కుర్చీ ఉంది" అన్నాడు. కూర్చోమని ఎవరైనా అని ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు.

అలా కూర్చున్న చోట, చేతికందే అరలో, డిటెక్టివ్ రచయిత కమలనాభం పేరు కనిపించింది. ఆ పేరు చూడగానే కుసుమంచిలో తండ్రి మహబూబ్ అలీ సైకిల్ షాపు, అక్కడి గ్రీజు వాసన, ఆయన గిరాకీ లేనప్పుడు పైకి చదివి వినిపించిన డిటెక్టివ్ నవలలు అన్నీ గుర్తొచ్చాయి. హంతకుడెవరో చివరి పేజీకి ముందే చెబితే ఆయన కూతురికి గోలీసోడా కొనిచ్చేవాడు. కమలనాభం హత్యలు తప్ప ఇంకేదైనా రాశాడని ఆమెకు తెలియదు. ఇది గూఢచారి నవల. పేరు 'రెండో పాస్‌పోర్ట్'. అట్ట ఊడిపోయి, గోధుమరంగు కాగితంతో బైండింగు చేసి ఉంది.

తెరిస్తే కథ కంటే ముందు మనుషులు పలకరించారు. పుస్తకం నిండా చదివినవాళ్ల రాతలే. మొదటి పేజీలోనే నీలం సిరాతో, "హత్య లేదు. మోసం. ఎవరూ చదవకండి" అని ఒకరు. దాని కింద ఎర్ర సిరాతో, "చదవకండి అని చదివినాక చెబితే ఏం లాభం" అని ఇంకొకరు. "ఈయన డిటెక్టివే రాసుకోవాల్సింది." "నాకైతే నచ్చింది, సరిహద్దు దాటే సీన్ సూపర్." "పేజీ 40 దాకా ఓపిక పట్టండి." అంజుమ్ నవ్వుకుంది. నవ్వి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. పక్కన కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంది.

ఆ తర్వాత గలీబులు ఇచ్చిన ప్రతిరోజూ ఒక అరగంట అక్కడ కూర్చునేది. కథ పెద్ద చిక్కుది కాదు. ఒకతను మారుపేరుతో పక్కదేశంలో పదకొండేళ్లు గూఢచారిగా బతుకుతాడు. ఊళ్లో భార్య విశాలాక్షి మాత్రం అతను ఓడలో గుమాస్తా పని చేస్తున్నాడనుకుంటుంది. నెలనెలా ఆఫీసువాళ్లే టైపు చేసి పంపే ఉత్తరం ఆమెకు వస్తుంది. నవల మొత్తంలో ఆమెవి మూడే చాప్టర్లు. మొదటి దాని పైన ఆ నీలం సిరా మనిషే రాశాడు: "వంటింటి సోది. దాటేసి 94వ పేజీకి పోండి. - రవీందర్." ఇంకెవరో దానికి టిక్కు పెట్టారు.

అంజుమ్ దాటెయ్యలేదు. ఆ చాప్టర్లలోనే ఆమెకు పెన్సిల్ రాత కనిపించింది. సన్నగా, గుండ్రంగా, మెల్లిగా చెక్కినట్టున్న అక్షరాలు. విశాలాక్షి ఉత్తరం చదివి మడిచి బియ్యం డబ్బాలో పెట్టే చోట, "ఈ మాటలు మొగుడు రాసినవి కావని ఈమెకు ఎరుకే" అని ఉంది. అత్తగారు తిట్టే చోట, "ఈ అత్తను ఎవరు తిట్టిన్రో అది రాయలే" అని ఉంది. చివరికి అతను ఇంటికి తిరిగొస్తాడు. విశాలాక్షి నీళ్లు తోడి, అన్నం వడ్డిస్తుంది. 'ఆమె ఏమీ అడగలేదు' అన్న వాక్యంతో ఆ చాప్టర్ ముగుస్తుంది. దాని పక్కన పెన్సిల్‌తో: "అడగలేదని రాసినవు. అడగనిచ్చినవా?"

ఆ రోజు ఇంటికి వెళ్లాక అంజుమ్ మిషన్ మీద కూర్చుందే గానీ చాలాసేపు తొక్కలేదు. ఎవరో ఒక ఆడమనిషి, ఈ ఊళ్లోనే, ఇదే పేజీ దగ్గర ఆగింది. ఆమె ఎవరో, ఏ వీధిలో ఉంటుందో. టీచరేమో. నర్సేమో. నాలుగు రోజుల తర్వాత వెళ్లినప్పుడు అంజుమ్ పెన్సిల్ తీసుకుపోయింది. ఆ ప్రశ్న కింద ఒకే ఒక్క మాట రాసింది. "లేదు."

తర్వాత వెళ్లిన ప్రతిసారీ ముందు ఆ పేజీ తెరిచేది. దాని కింద ఇంకేమీ రాసి ఉండేది కాదు. సెప్టెంబరు గడిచింది. అక్టోబరు గడిచింది.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు నోటీసు అంటించారు. కమలనాభం నవలల మీద పాఠకుల అభిప్రాయాలు, బుధవారం మధ్యాహ్నం. "మీరు కూడ మాట్లాడండమ్మా," అన్నాడు మురళీకృష్ణ. "ఒక్క ఆడమనిషి పేరన్న ఉండాలె లిస్టుల." అంజుమ్ వద్దనలేదు. పెన్సిల్ మనిషి కూడా ఆ రోజు వస్తుందేమోనన్న ఆశ ఆమెది. పుస్తకం ఇంటికి తీసుకుపోయి ఇంకోసారి చదువుకుంటానంది.

"కార్డు గావాలె గదా. ఇంటి పేరేంది, ఎవరి తాలూకు?"

"రెహమాన్ పరుపుల దుకాణం."

అతను పాత రిజిస్టరు తీసి వేలితో వెతికాడు. "మీ ఇంటికి కార్డు ఉన్నది కదమ్మా. రెహమాన్ గారి పేరు మీద. నాలుగు వందల పదిహేడు."

చనిపోయిన మామ రెహమాన్‌కు తెలుగు చదవడం వచ్చేది కాదు. తబ్రేజ్ పేపరు కూడా చూడడు. ఏదో పొరపాటు అయి ఉంటుందని చెప్పబోతూ ఆమె చేతిలోని పుస్తకం వెనక అంటించిన చీటీ వైపు చూసింది. తేదీల పక్కన కార్డు నంబర్లు. 417. రెండు సంవత్సరాల తర్వాత మళ్లీ 417. మళ్లీ. మళ్లీ. చివరి తేదీ ఆరేళ్ల కిందటిది. ఆ తర్వాత ఆ పుస్తకాన్ని ఎవరూ తీసుకుపోలేదు.

పేపర్లు సర్దుతున్న అటెండరు ముసలయ్య దగ్గరికి వచ్చాడు. "పెద్దామెనా? మంగళారం మంగళారం వచ్చేది. కొంగు నిండుగ కప్పుకొని అగో ఆ మూల బల్ల కాడ కూసునేది. పెన్సిల్ నన్నే అడిగేది. బుక్కుల మీద రాయొద్దమ్మా అంటే, అందరు రాసిన్రు కదయ్యా, నేను రాస్తెనే ఖరాబయితదా అన్నది."

మంగళవారం. మంగళవారం అత్త మోకాళ్ల నొప్పులకు దవాఖానాకు పోయేది. ఒక్కతే పోతానని పట్టుబట్టేది. ఆమె మధ్యాహ్నం దాకా రాకపోతే ఇంటి పనంతా అంజుమ్ మీద పడేది, లోలోపల తిట్టుకునేది. ఆ మనిషే కరెంటు బిల్లు వస్తే, "నాకు సదువొస్తదా, నువ్వే సూడు" అని కోడలి చేతిలో పెట్టేది. మందుల అట్ట మీద పేరు చదివించుకునేది.

అంజుమ్ బయటి మెట్ల మీద కూర్చుండిపోయింది. పెళ్లయిన మొదటి ఏడాది సంగతి. కూర అడుగంటితే మామ పళ్లెం ముందు నుంచి, "కోడలు బుక్కు పట్టుకున్నదా ఏంది" అన్నాడు. అత్త లేచి వంటింట్లోకి వచ్చి, అంజుమ్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నవలను తీసి అల్మారా మీద, చెయ్యి అందనంత ఎత్తున పెట్టింది. "ఇంట్ల మొగోళ్లు ఉన్నప్పుడు బుక్కు కనవడొద్దు," అంది. అంజుమ్ ఆ రాత్రి ఏడ్చింది. మళ్లీ ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో పుస్తకం తెరవలేదు. ఇప్పుడు ఆ మాట ఇంకోలా వినిపిస్తోంది. చదవొద్దని అనలేదు ఆమె. కనపడొద్దని అంది. దాచుకోవడం ఎలాగో చెప్పింది, తనకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం. అది అంజుమ్‌కు తిట్టులాగే వినిపించింది. అత్త కూడా తిట్టులాగే చెప్పింది. ఒకే కప్పు కింద ఒకరి వీపు వెనక ఒకరు అంత కాలం బతికారు. ఒకే పేజీ దగ్గర ఆగే మనిషి పక్క గదిలోనే బతికి పోయాక, ఆమె ఎవరో ఏ వీధిలో ఉంటుందో అని మూడు నెలలు ఎదురుచూసింది. తను రాసిన 'లేదు'ను చదవాల్సిన మనిషి ఇక రాదు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

బుధవారం పొద్దున తబ్రేజ్ పెళ్లివారి ఆర్డరు గురించి చెబుతున్నాడు. "సాయంత్రానికి పన్నెండు గలీబులు కావాలె. ఆటో వస్తది."

"మధ్యాహ్నం నాకు లైబ్రరీల మీటింగున్నది."

"నీకా?" అతను నవ్వాడు. వెటకారం కాదు, నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "ఏం మీటింగు?"

"ఒక నవల గురించి మాట్లాడాలె."

"నవల గురించి నువ్వేం మాట్లాడతవ్? అక్కడ లెక్చరర్లు గిట్ల ఉంటరు. సరే, పోతనంటే పో, నేనేమన్న వద్దన్ననా. గలీబులు అయినంక పో."

వద్దనడు తబ్రేజ్. దేనికీ వద్దనడు. అన్నీ అయినంక పొమ్మంటాడు. అవి అయ్యే పనులు కావని ఇద్దరికీ తెలుసు. ఒంటిగంటకు అంజుమ్ తొమ్మిది గలీబులు మడిచి బల్ల మీద పెట్టి, మిగిలిన గుడ్డను మిషన్ మీదే వదిలేసి, చీర మార్చుకుని బయల్దేరింది.

మీటింగుకు ఇరవై మంది దాకా వచ్చారు. రవీందర్ ఆమె అనుకున్నంత ముసలివాడు కాదు. కల్లూరులో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన లెక్చరర్, మర్యాదస్థుడు, నెమ్మదిగా మాట్లాడాడు. కమలనాభం డిటెక్టివ్ నవలల్లో ఒక్క వాక్యం వృథా కాదన్నాడు. 'రెండో పాస్‌పోర్ట్' దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి తిరగని పని చేశాడన్నాడు. "భార్య చాప్టర్లు మూడు తీసేస్తే నవల పరుగెత్తేది. నేను కాలేజీ రోజుల్లోనే ఆ పుస్తకం మీద రాసి పెట్టాను." అందరూ నవ్వారు. మరొకాయన సరిహద్దు సీను గురించి, ఇంకొకాయన అందులోని తుపాకీ తప్పుగా రాశాడని చెప్పారు. శ్రావణి అనే డిగ్రీ అమ్మాయి గ్రూపు ఫొటోకు కుర్చీలు జరుపుతోంది.

అంజుమ్ పేరు పిలిచారు. లేచి నిలబడింది. రాసుకున్న కాగితం చేతిలో ఉంది గానీ చూడలేదు.

"నేను పెద్దగ సదువుకోలే. సారు చెప్పిన మూడు చాప్టర్ల గురించి ఒక మాట అడుగుత. అవి తీసేస్తే ఆయన తిరిగి ఎవరి కాడికి వచ్చిండు?" రవీందర్ వైపు తిరిగి చూసింది. "పదకొండేండ్లు ఆయన ఏం చేసిండో మనకంతా ఎరుకే. పేజీ పేజీకి చెప్పిండు. ఆమె పదకొండేండ్లు ఏం చేసిందో మూడు చాప్టర్లల్లనే ఉన్నది. అది గూడ ఎక్కువైంది మనకు. చివరికి ఆమె ఏం అడగలేదని రాసిండు. దాని పక్కన ఒకామె పెన్సిల్‌తోటి రాసింది. అడగనిచ్చినవా అని. ఈ పుస్తకం మీద వచ్చిన రాతలన్నిట్ల నాకు నచ్చింది అదే."

"ఎవరమ్మా ఆమె?" అన్నాడు మురళీకృష్ణ, తెలిసే.

ఆ పేరు చెప్పొచ్చా లేదా అని అంజుమ్ ఒక్క క్షణం తడబడింది. బతికున్నన్నాళ్లూ దాచుకున్న మనిషి. కానీ నీలం సిరా కింద రవీందర్ పేరు ఉంది, పెన్సిల్ రాత కింద ఏ పేరూ లేదు. "మా అత్త," అంది. "షహజాది ఆమె పేరు."

చప్పట్లు కొట్టారు. రవీందర్ చిరునవ్వుతో, "మంచి పాయింటే మేడమ్. కానీ అది గూఢచారి నవల కదా, ఫ్యామిలీ కథ కాదు" అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. తుపాకీ ఆయన తన సంగతి మళ్లీ ఎత్తుకున్నాడు. అంజుమ్ కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మాట్లాడిన వాళ్లందరికీ ఇచ్చినట్టే ఆమెకూ ఒక పెన్ను, కవరులో స్వీటు ఇచ్చారు. టీ తాగకుండానే బయటికి వచ్చేసింది. నడుస్తుంటే గెలిచినట్టు అనిపించలేదు, ఓడినట్టూ అనిపించలేదు. ఇంటికి పోయాక 'ఎట్ల మాట్లాడినవ్' అని అడిగే మనిషి లేదన్నదొక్కటే తెలుస్తోంది.

ఇల్లు చేరేలోపే మాట దుకాణానికి చేరింది. గడప దాటుతుంటే ఫోన్ మోగింది. "అందరి ముందట మా అమ్మ పేరెందుకు తెచ్చినవ్?" అన్నాడు తబ్రేజ్. "అమ్మకు సదువు రాదని బజారంత ఎరుక. సచ్చిపోయిన మనిషి మీద లేనిపోనివి చెప్పుడేంది? నేనొచ్చినంక మాట్లాడుత." పెట్టేశాడు.

సనోబర్ దుప్పటి తొలగించి మంచం మీద లేచి కూర్చుంది. ఫోన్‌ను బోర్లా పెట్టింది. తల్లి వైపే చూస్తోంది.

"నానమ్మ పేరు చెప్పినవా అమ్మా?"

"అవ్. నీక్కూడ కోపమా?"

"కాదు." మంచం అంచుకు జరిగింది. "నీకెట్ల తెలిసింది?"

అంజుమ్ చేతిలో స్వీటు కవరు అలాగే ఉంది. "అంటే నీకు తెలుసా?"

"కండ్లు పోయినంక నానమ్మకు ఆ నవల నేనే చదివి వినిపించేదాన్ని. పుస్తకం పేరు చెప్తే ఫోన్ల వెతికి తీసిన. నువ్వు మిషన్ కాడ ఉన్నప్పుడు దుప్పట్ల పడుకొని మెల్లగ చదివేదాన్ని. నువ్వేమో చాటింగ్ అనుకొని తిట్టేదానివి." సనోబర్ గొంతు తగ్గింది. "ఆమెకు గూఢచారి సీన్లు వద్దు. ఆ విశాలాక్షివి మూడు చాప్టర్లే. అవే మళ్లీ మళ్లీ చదువుమనేది."

మిషన్ చప్పుడుకు అవతల, ఏడడుగుల దూరంలో, ఇద్దరూ. ఈ ఇంటి ఆడవాళ్లలో పుస్తకం చదవని మనిషిగా మిగిలింది తనొక్కతే. "నాకెందుకు చెప్పలే?"

"నేను చెప్దామన్న. నానమ్మనే వద్దన్నది."

"ఎందుకు?"

సనోబర్ దుప్పటి అంచును వేలికి చుట్టుకుంటూ, నానమ్మ అన్న మాటను ఆమె అన్నట్టే చెప్పింది. "దాని చేతిల బుక్కు నేనే గుంజుకున్న. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని దాని ముందట సదివించుకోవాలె, అన్నది."

అంజుమ్ మంచం మీద, కూతురి పక్కన కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. "ఆ ఫోన్ల ఇంకా ఉన్నదా అది?" అంది.

"ఉన్నది."

"చదువు. మొదటి చాప్టరు కాదు. ఆమెది."

సనోబర్ ఫోన్ తీసి మొదలుపెట్టింది. మొదట గొంతు అలవాటు ప్రకారం గుసగుసగానే వచ్చింది. "గట్టిగ చదువు," అంది అంజుమ్. పిల్ల గొంతు పెంచింది. విశాలాక్షి ఉత్తరాన్ని మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. మిషన్ మీద గుడ్డ అలాగే పడి ఉంది. వాకిట్లో వెలుతురు పసుపురంగుకు తిరిగింది.

గేటు చప్పుడైంది. తబ్రేజ్ లోపలికి వచ్చాడు, వెనక వీధిలో ఆటో ఇంజన్ తిరుగుతూనే ఉంది. బల్ల మీది గలీబులను చూశాడు, లెక్క చూసుకుని మిషన్ వైపు చూశాడు. "మూడు తక్కువున్నయి. ఏం చేస్తున్నరు మీరిద్దరు?"

తండ్రి నీడ గదిలో పడగానే సనోబర్ చదవడం ఆపేసింది. ఫోన్‌ను దుప్పటి కిందికి తోసెయ్యబోయింది. అంజుమ్ ఆ చేతిని పట్టుకుంది. భర్త వైపు చూడలేదు.

"నువ్వు ఆపకు," అంది కూతురితో. "చదువు."